ఎవర్నీ పిలవకుండా ఏమేం చేసుకోవచ్చు? మా సీనియర్ లివింగ్ కమ్యూనిటీ మీద ఒక నివాసి సమీక్ష

ఈ కమ్యూనిటీ మీద ఇప్పటిదాకా వచ్చిన సమీక్షలన్నీ పిల్లలు రాసినవే. అమ్మానాన్నల్ని చేర్పించడానికి వచ్చినప్పుడో, సెలవురోజు చూడ్డానికి వచ్చినప్పుడో కంటబడినవి రాశారు. అందుకే వాటిలో ఎక్కువ భాగం రిసెప్షన్ హాలే ఉంటుంది. నేను ఇక్కడ ఉంటున్న మనిషిని. 70 దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగాయి, కుడిచేతి వేళ్ళు పొద్దున్నే ముడుచుకోనంటాయి. మా ఆవిడకి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే జబ్బు. ఇదే ఆవరణలో అలాంటివాళ్ళ కోసం ఉన్న మెమరీ కేర్ విభాగంలో ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్రాఫ్ట్స్‌మన్‌గా భవనాల ప్లాన్లు గీశాను. జేబులో టేపు లేకపోతే ఇప్పటికీ ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది. కాబట్టి ఈ సమీక్షలో సిబ్బంది మంచితనం గురించి పెద్దగా ఉండదు (మంచివాళ్ళే). కట్టడం గురించే ఉంటుంది. మార్కులు ముందే చెప్పేస్తున్నా: ఐదుకి మూడున్నర.

నేను చూసే చూపు ఒకటే. ఈ వస్తువు వాడుకోవాలంటే ఇంకొకర్ని పిలవాలా, అక్కర్లేదా? పిలిస్తే రారని కాదు, వస్తారు, నవ్వుతూనే వస్తారు. కానీ ప్రతిసారీ పిలవాల్సి వస్తే కొన్నాళ్ళకి ఆ పనే మానేస్తాం. ఇక్కడ చాలామంది తోటలోకి వెళ్ళడం మానేసింది అలాగే. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు రిసెప్షన్ హాలు సంగతి తేల్చేద్దాం. ఈమధ్య కట్టే వృద్ధుల నివాసాలన్నిటికీ ఆసుపత్రిలా కనిపించకూడదని ఒక పట్టుదల ఉంటోంది. మంచి పట్టుదలే. పొడవాటి తెల్ల కారిడార్లు, నర్సుల కౌంటరు, ఫినాయిల్ వాసన ఎవరికి కావాలి? అయితే ఆసుపత్రి వద్దనుకుని రిసార్టు వైపు దూకారు. రెండంతస్తుల ఎత్తు కప్పు, నిలువెల్లా గాజు గోడ, అద్దంలా మెరిసే నేల, మనిషిని మింగేసేంత లోతైన సోఫాలు. ఆ సోఫాలో నేను కూర్చోగలను, లేవలేను. మోకాళ్ళకంటే నడుము కిందికి దిగిపోతే, పక్కన చేతులు ఆనించడానికి గట్టి చోటు లేకపోతే, నా వయసు మనిషి ఎవరైనా అంతే. లిఫ్టు పక్కన చేతులున్న పాతరకం కుర్చీలు రెండు ఉన్నాయి. అవి ఎప్పుడూ ఖాళీ ఉండవు. సోఫాలు ఎప్పుడూ ఖాళీయే, అందుకే ఫొటోల్లో అంత బాగుంటాయి.

మెరిసే నేలతో ఇంకో తంటా ఉంది. చూపు తగ్గినవాళ్ళకి, డిమెన్షియా ఉన్నవాళ్ళకి ఆ మెరుపు తడిలా కనిపిస్తుంది. మా అంతస్తులో ఒకాయన రిసెప్షన్ అంచుకి రాగానే ఆగిపోయి, గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్తాడు. గుమ్మం దగ్గర పరిచిన నల్ల పట్టా సంగతీ అంతే. కొందరి కంటికి అది గొయ్యి. బ్రిటన్‌లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళ డిమెన్షియా కేంద్రం 1989 నుంచీ నడుస్తోంది. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య నేల రంగు ఒక్కసారిగా మారకూడదని, నేల మెరవకూడదని అలాంటి చోట్ల చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. ఇక్కడ డిజైన్ చేసినవాళ్ళకి ఆ పాఠం తెలుసు. ఎందుకంటే మెమరీ కేర్‌లో నేలంతా ఒకటే మెరవని మ్యాట్ రంగు వేశారు. తెలిసీ రిసెప్షన్‌లో మాత్రం వదిలేశారంటే అది మా కోసం కట్టిన చోటు కాదనే అర్థం.

ఇక నా గది. ఇక్కడ నిజంగా మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. మంచం మీద పడుకుని తల తిప్పితే కమోడ్ కనిపిస్తుంది. విన్నవాళ్ళకి ఇదేం వర్ణన అనిపిస్తుంది గానీ, రాత్రి మెలకువ వచ్చిన మనిషికి తను ఎటు వెళ్ళాలో కళ్ళకి కనబడటం చాలా పెద్ద విషయం. మంచం కింద పసుపు నారింజ రంగు లైటు పట్టీ ఉంది. కాళ్ళు నేల మీద పెట్టగానే దానంతటదే వెలుగుతుంది. బాత్రూం దాకా దారంతా పాదాల ఎత్తులో వెలుగు. కళ్ళు చెదరవు, నిద్ర పూర్తిగా చెడదు, స్విచ్ కోసం గోడంతా తడమక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో కింద పడటం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు, అందులో 60 దాటినవాళ్ళే ఎక్కువ. ఈ కట్టడం మొత్తంలో ఒక్కటే ఉంచుకోనిస్తామంటే నేను ఆ లైటు పట్టీనే ఉంచుకుంటాను.

బాత్రూంలో గడప లేదు. షవర్ కింద నేల కొద్దిగా వాలి నీళ్ళు అటే పోతాయి. వాకర్ తోసుకుంటూ నేరుగా వెళ్ళొచ్చు. తలుపు పక్కకి జరిగేది. లోపల మనిషి పడిపోయి అడ్డంగా ఉన్నా బయటినుంచి తెరవొచ్చు. కమోడ్ ఎత్తు టేపు పెట్టి కొలిచాను, 46 సెంటీమీటర్లు. అమెరికా యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో 43 నుంచి 48 దాకా అంటారు, సరిపోయింది. గ్రాబ్ బార్లు, అంటే పడిపోకుండా పట్టుకోవడానికి గోడకి బిగించే కడ్డీలు, నేల నుంచి 84, 91 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, ఉన్నాయి.

కానీ ఆ బార్లు తెల్లవి. గోడ తెల్లది. కమోడ్ తెల్లది, దాని సీటూ తెల్లదే. కళ్ళజోడు లేకుండా చూస్తే నాకు ఆ గదిలో ఒక తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. మనిషి కంటి కటకం వయసుతో పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. ఇరవయ్యేళ్ళ కంట్లోకి వెళ్ళే వెలుగులో సుమారు మూడో వంతే అరవయ్యేళ్ళ కంటి వెనక్కి చేరుతుంది. అందుకే రంగుల తేడా కావాలి. ఒక ఉపరితలం ఎంత వెలుగుని తిప్పికొడుతుందో 100కి కొలిచి, పక్కపక్కనే ఉన్న వాటి మధ్య కనీసం 30 పాయింట్ల తేడా ఉండాలని బ్రిటిష్ ప్రమాణం చెబుతుంది. ముదురు నీలం బార్లు, ముదురు రంగు సీటు వేస్తే పని అయిపోయేది. వేయకపోవడానికి కారణం ఖర్చు కాదు. రంగు రంగు బార్లు ఉంటే వికలాంగుల బాత్రూంలా కనిపిస్తుందని భయం. ఇప్పుడు అంతటా ఇదే ఫ్యాషన్. గ్రాబ్ బారుని గ్రాబ్ బారులా కనిపించనివ్వకూడదు, టవల్ రాడ్‌లా ఉండాలి, షాంపూ అరలా ఉండాలి.

దానివల్ల ఏమైందో వినండి. నా బాత్రూంలో గ్రాబ్ బారు పక్కనే నిజం టవల్ రాడ్ ఉంది. రెండూ ఒకే రూపం, ఒకే మెరుగు. గ్రాబ్ బారు 250 పౌండ్ల బరువు, అంటే దాదాపు 113 కిలోలు, ఆపేలా గోడ లోపల పట్టీకి బిగించాలి. టవల్ రాడ్‌కి రెండు చిన్న మరలు. తడి చేత్తో, సబ్బు కళ్ళతో దేన్ని పట్టుకుంటానో నాకేం తెలుసు? కిందటి చలికాలం ఒకావిడ చేతిలోకి టవల్ రాడ్ ఊడొచ్చింది. స్టూలు మీద కూర్చుని ఉంది కాబట్టి సరిపోయింది. ఆ మర్నాడే నా రాడ్ నేనే విప్పించేశాను. టవల్ ఇప్పుడు తలుపు కొక్కేనికి వేలాడుతోంది, దానికేం నామోషీ లేదు.

షవర్‌కి నల్లగాజు టచ్ ప్యానెల్ పెట్టారు. తడి వేలికి పలకదు, కళ్ళజోడు లేకుండా అంకెలు కనబడవు. మొదటి వారంలోనే అందరం పిలవడం మొదలుపెట్టాం, తర్వాత బకెట్లు తెప్పించుకున్నాం. మోచేత్తో తోస్తే తిరిగే మీట కుళాయి ఉంటే చాలు. తలుపులకి మాత్రం మీట హ్యాండిళ్ళే వేశారు. వేళ్ళు ముడుచుకోని రోజున పిడికిలితో నొక్కినా తెరుచుకుంటాయి. అదే చెయ్యి, అదే మనిషి, తలుపు దగ్గర ఆలోచించినవాళ్ళు షవర్ దగ్గర ఎందుకు ఆలోచించలేదో!

కారిడార్లలో లైట్లు పగలు తెల్లగా, సాయంత్రానికి పసుపుగా మారతాయి. ఒళ్ళు రాత్రీపగలూ తేడా మర్చిపోకుండా ఉండటానికి అని బ్రోచర్‌లో గొప్పగా వేశారు. ఊరికే అన్న మాట కాదు. నెదర్లాండ్స్‌లో 12 వృద్ధాశ్రమాల్లో చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. పగటిపూట దాదాపు 1000 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగు ఉన్నచోట, 300 లక్స్ ఉన్నచోటుకంటే మతిమరుపు పెరగడం కాస్త నెమ్మదించింది, దిగులూ తగ్గింది. కాస్తే, మరీ అద్భుతం కాదు. కాకపోతే ఇక్కడ ఆ లైట్లు మేం నడిచిపోయే కారిడార్లో ఉన్నాయి, గంటలకొద్దీ కూర్చునే హాల్లో లేవు. హాల్లో గాజు గోడ మీంచి ఎండ కళ్ళలో కొడుతుందని రోజంతా బ్లైండ్లు దించేసి ఉంచుతారు. అంత గాజు పెట్టి అంత చీకట్లో కూర్చోవడం మా దగ్గరే చూశాను. భోజనాల హాల్లో శబ్దం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. పైన ఎత్తు కప్పు, కింద గట్టి నేల, వినికిడి యంత్రాలు పెట్టుకున్నవాళ్ళంతా తొందరగా తిని లేచిపోతారు.

మా ఆవిడ ఉండే విభాగానికి వద్దాం. దీని గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను.

ఇప్పుడు ప్రపంచమంతా చిన్న ఇళ్ళ పద్ధతి నడుస్తోంది. వందమందిని ఒకే భవనంలో వరసగా పెట్టకుండా, పదిమంది చొప్పున ఒక ఇల్లు. ఎవరి గది, ఎవరి బాత్రూం వాళ్ళకి. మధ్యలో అందరికీ కలిపి ఒక కూర్చునే గది, తెరిచి ఉన్న వంటగది. బిల్ థామస్ అనే వృద్ధుల వైద్యుడు మొదలుపెట్టిన గ్రీన్ హౌస్ ప్రాజెక్టు మొదటి ఇళ్ళు 2003లో అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రం టుపెలోలో తెరిచారు. అక్కడ ఒక్కో ఇంట్లో 10 నుంచి 12 మంది. కేర్‌గివర్లే వంట చేస్తారు, ఆ ఇంటి పనుల్లో పెద్దవాళ్ళకి చేతనైనంత పాలు ఉంటుంది. కోవిడ్ కాలంలో ఇలాంటి చిన్న ఇళ్ళలో కేసులూ మరణాలూ మామూలు నర్సింగ్ హోమ్‌ల కంటే తక్కువగా ఉన్నాయని 2021లో ఒక అధ్యయనం చూపించాక ఈ నమూనాకి గిరాకీ ఇంకా పెరిగింది.

మా దగ్గరా అదే ప్లాను. గీత గీతకీ అదే, నేను గీసినా అలాగే గీసేవాణ్ణి. వంటగది గట్టు రెండు ఎత్తుల్లో ఉంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా దాని ముందు కూర్చుని పని చెయ్యొచ్చు. బీరువాల తలుపులు గాజువి, లోపల ఏముందో తెరవకుండానే కనిపిస్తుంది. ఇంత బాగా కట్టి, పొయ్యికి కనెక్షన్ ఇవ్వలేదు. భోజనం పెద్ద వంటశాల నుంచి మూతపెట్టిన ట్రాలీలో వస్తుంది. గిన్నెలు కూడా ట్రాలీలోనే తిరిగి వెళ్ళిపోతాయి. వంటగది ఉంది, వంట లేదు. మా ఆవిడ కొన్నాళ్ళు ఆ గట్టు దగ్గరికి వెళ్ళి నిలబడేది. ఏదో చెయ్యాలని చేతులు కదిలించేది, చెయ్యడానికేం లేక వచ్చేసేది. భద్రత కోసమే అంటారు. నిప్పు వద్దంటే వద్దు, పళ్ళాలు తుడవడానికి నిప్పెందుకు? తువ్వాళ్ళు మడతపెట్టడానికి? గొడవ పెట్టగా పెట్టగా ఇప్పుడు మధ్యాహ్నం భోజనం పళ్ళాలు ఇంట్లోనే కడుగుతున్నారు. ఆవిడ తుడుస్తుంది. తుడిచినవే మళ్ళీ తుడుస్తుంది, ఎవరికేం నష్టం!

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రాడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన ప్రయోగం ఈ గొడవలో నాకు పనికొచ్చింది. ఒక అంతస్తువాళ్ళకి మీ గది మీరే సర్దుకోండి, మీకు నచ్చిన మొక్క తీసుకుని మీరే పెంచుకోండి అన్నారు. ఇంకో అంతస్తువాళ్ళకీ మొక్క ఇచ్చారు, కాకపోతే నర్సులే చూసుకుంటారన్నారు. మూడు వారాల్లో మొదటివాళ్ళు ఎక్కువ చురుగ్గా, ఉత్సాహంగా కనిపించారు. ఆ తర్వాత మరణాల్లో కూడా పెద్ద తేడా ఉందని చెప్పిన లెక్క పూర్తిగా నిలబడలేదు, దానికి వాళ్ళే సవరణ ప్రచురించారు. ఇంటర్నెట్‌లో సవరణ గురించి ఎవరూ రాయరు. ఆ లెక్క పక్కన పెట్టినా మిగిలింది చాలు నాకు.

ఇంకో మోజు వీధి. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర వేస్ప్ అనే ఊళ్ళో హోగెవేక్ అని ఒక డిమెన్షియా గ్రామం ఉంది. 2009లో ఇప్పటి రూపానికి వచ్చింది. ఆరేడుగురికో ఇల్లు, వీధులు, కూడలి, సూపర్ మార్కెట్, థియేటర్, రెస్టారెంట్. సిబ్బంది మామూలు బట్టల్లో ఉంటారు. ఆవరణ దాటి పోవడానికి ఒక్కటే ద్వారం, లోపల ఎక్కడికైనా ఎవరికి వారు వెళ్ళొచ్చు. ఇది చూసి ప్రపంచంలో ఎంతమంది ఆర్కిటెక్టులు ముచ్చటపడ్డారో! మా వాళ్ళూ పడ్డారు. పడి, మెమరీ కేర్ కారిడార్ గోడలకి వీధి బొమ్మ వేయించారు. పూలకొట్టు, పోస్టు డబ్బా, కిటికీలో పిల్లి. పూలకొట్టు తలుపుకి నిజం హ్యాండిల్ కూడా బిగించారు, తలుపు మాత్రం గోడే. మా ఆవిడ దాన్ని పట్టుకుని లాగుతుంది. హోగెవేక్‌లో సూపర్ మార్కెట్‌కి వెళ్తే చేతిలోకి వస్తువు వస్తుంది. ఇక్కడ వీధి చూడ్డానికే. ఆ హ్యాండిల్ తీసేయమని రాతపూర్వకంగా ఇచ్చాను, తీసేశారు. బొమ్మ మిగిలింది, బొమ్మగా బాగానే ఉంది.

ఇలాంటి మాయల మీద నాకు తేలని సంగతి ఒకటుంది. 2008 ప్రాంతంలో జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లోని ఒక వృద్ధాశ్రమం ముందు బస్సులు రాని బస్‌స్టాప్ పెట్టారు. ఇంటికి వెళ్ళాలని కంగారుగా బయటికి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుంటారు, కాసేపటికి కుదుటపడతారు, సిబ్బంది వచ్చి లోపలికి తీసుకెళ్తారు. దయ అంటారు కొందరు, మోసం అంటారు కొందరు. మా దగ్గర బస్‌స్టాప్ లేదు గానీ బయటికి పోయే తలుపు మీద పుస్తకాల బీరువా బొమ్మ ఉంది, తాళం చప్పుడు చెయ్యదు. నాకు నచ్చదు. కానీ జాన్ జైసెల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో తలుపులు అలా మరుగున ఉండి, తాళాలు నిశ్శబ్దంగా పడే విభాగాల్లో దిగులు తక్కువగా కనిపించింది. రోజంతా తెరుచుకోని తలుపు ఎదురుగా నిలబడి కొట్టడం కంటే అది తలుపని తెలియకపోవడమే మేలేమో. బీరువా బొమ్మకి మార్కులు తీసెయ్యలేదు, కలపలేదు.

గది గుమ్మం పక్కన చిన్న గాజు పెట్టె ఉంటుంది, అందులో ఆ మనిషి వస్తువులు, ఫొటోలు పెడతారు. తన గది తనకి గుర్తుపట్టడానికి. మంచి ఏర్పాటు, పనిచేస్తుంది. అయితే మొదట సిబ్బంది చేరిన రోజు తీసిన ఫొటో పెట్టారు. ఆ ముసలావిడ ఎవరో మా ఆవిడకి తెలియలేదు. ముప్పై ఏళ్ళ నాటి ఫొటో పెట్టాక నేరుగా వచ్చి ఆగుతోంది. మీవాళ్ళని చేర్పించేటప్పుడు పాత ఫొటోలు పట్టుకెళ్ళండి.

తోట చాలా అందంగా ఉంది. 1984లో రోజర్ ఉల్రిచ్ రాసిన పరిశోధన తర్వాత, కిటికీలోంచి చెట్టు కనిపించిన రోగులు ఇటుక గోడ కనిపించినవాళ్ళకంటే ముందే ఇంటికెళ్ళారనీ, ఘాటు నొప్పి మందులు తక్కువ వాడారనీ తెలిశాక, పచ్చదనం లేని డిజైన్ ఎవరూ చూపించడం లేదు. మా తోటలో దారి గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వస్తుంది, ఎవరూ దారి తప్పరు. మధ్యమధ్య చేతులున్న బెంచీలు. మడులు నడుము ఎత్తులో కట్టారు, వంగక్కర్లేదు. ఇన్ని ఉండీ, తోట తలుపు సిబ్బంది కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. ప్రహరీ చుట్టూ ఉంది, దారి గుండ్రంగా ఉంది, ఇంకా తాళమెందుకు? పడిపోతే బాధ్యత ఎవరిదని అడుగుతారు. పిలిస్తే తీసుకెళ్తామంటారు. మొదట్లో చెప్పానే, పిలవడం మానేసి జనం కిటికీలోంచి చూస్తున్నారు. నేను తగ్గించిన ఒకటిన్నర మార్కుల్లో సగం పైన ఈ తలుపుకే.

సెన్సార్ల గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. కెమెరా లేకుండా రాడార్‌తో పడిపోవడాన్ని పసిగట్టే పరికరం గది కప్పులో ఉంది. దాని మీద నాకు అభ్యంతరం లేదు. కానీ రాత్రి నేను ఎన్నిసార్లు లేచానో మా అబ్బాయి ఫోన్‌లో కనబడుతోందని, వాడు పొద్దున్నే ఫోన్ చేసి అడిగితేగానీ నాకు తెలియలేదు. పడిపోతే చెప్పండి, లేస్తే చెప్పకండి అని ఫారం రాసిచ్చాను, మార్చారు. ఈ మాట చేరేటప్పుడే అడగాలి, అదీ పెద్దవాళ్ళనే అడగాలి.

గది ఎంచుకునేవాళ్ళకి: మూలగదులు పెద్దవి, రెండు వైపులా కిటికీలు, అందరూ అవే అడుగుతారు. అక్కణ్ణించి లిఫ్టుకి ఈ కారిడార్లో అన్నిటికంటే ఎక్కువ దూరం, మధ్యలో కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు. లిఫ్టు పక్క గదులు రాత్రి గంట మోగుతుంటే నిద్ర పట్టనివ్వవు. మధ్య వరసలో తోటవైపు గదులు చూడండి. చూసేటప్పుడు లైట్లన్నీ ఆర్పించి, కళ్ళజోడు తీసేసి, మంచం మీంచి లేచి బాత్రూందాకా ఒకసారి వెళ్ళి రండి. సేల్స్ అమ్మాయి కంగారుపడుతుంది, పర్వాలేదు. కుర్చీ మాత్రం మీ ఇంట్లోదే తెచ్చుకోండి.